కూర్చోవడం రాని పెద్ద సర్వరు

ఆ రోజు పొద్దున్నే పెద్ద సర్వరు కూర్చోవడం ప్రాక్టీసు చేస్తున్నాడు.

నవ్వకండి. పుట్టినప్పటి నుంచీ అందరం కూర్చుంటూనే ఉన్నాం, ఇందులో నేర్చుకునేదేముందని అనిపించవచ్చు. కానీ ఆయన మీసాలు రాకముందే హోటల్లో చేరిన మనిషి. అప్పటి నుంచి తల నెరిసేదాకా, నెరిసిన తల కాస్తా పలచబడేదాకా, నలుగురు తింటున్నచోట ఆయన కూర్చున్న పాపాన పోలేదు. ఇంట్లో కూడా వంటగది గట్టుకి ఆనుకుని, కంచం అరచేతిలో పెట్టుకుని, రైలు తప్పిపోతున్నవాడిలా నాలుగు ముద్దలు మింగేస్తాడు. ఎదురుగా ఎవరైనా తింటుంటే ఆయన చూపు వాళ్ల మొహం మీద ఉండదు, గ్లాసు మీద ఉంటుంది. గ్లాసు సగానికి దిగిందంటే ఆయన లేచాడన్నమాటే.

భార్య ఎదురుగా కుర్చీ వేసుకుని పరీక్ష పెట్టే మాస్టారులా కూర్చుంది. ఆవిడ బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, తప్పిపోయిన పిల్లలు ఎవరి దగ్గరున్నారో మైకులో చెప్పే ఉద్యోగం. పోర్టర్ల నుంచి పై ఆఫీసరు దాకా అక్కడ అందరూ ఆవిడను అనౌన్సరమ్మ అంటారు. ఇంట్లో మామూలుగానే మాట్లాడుతుంది గానీ, కోపం వచ్చిందంటే మాత్రం గొంతు బస్టాండుకి వెళ్లిపోతుంది.

"నీళ్లు తాగుతున్నాను, చూడండి," అని గ్లాసు ఎత్తింది. గ్లాసు సగానికి దిగింది. పెద్ద సర్వరు కుర్చీ మీంచి జానెడు లేచాడు.

"ప్రయాణికులు దయచేసి తమ సీట్లలో కూర్చోవలసిందిగా కోరుతున్నాం," అంది ఆవిడ.

ఆయన కూర్చున్నాడు.

ఇంత సాధన దేనికంటే, ఆ రోజు వాళ్ల పెళ్లిరోజు. ప్రతి పెళ్లిరోజునాడూ ఆయన ఊళ్లోవాళ్ల పెళ్లిరోజులకు వడ్డిస్తూ ఉండేవాడు. సెలవు పెట్టడం ఆయనకు తెలియదు, పెట్టించడం ఆవిడకు చేతకాలేదు. ఒక ఏడాది ఎవరిదో పెళ్లిరోజు కేకు ముక్క, మీద ఆ దంపతుల పేర్లలోని రెండక్షరాలతో సహా, పొట్లం కట్టి తెచ్చి "నీకోసమే" అన్నాడు. ఆవిడ ఆ రెండక్షరాలూ తీసి పక్కన పెట్టి, మిగిలింది ఒక్కతే కూర్చుని తింది.

ఇక ఈసారి మాటలతో పోయే వ్యవహారం కాదు. ఎక్కడో దూరపు ఊళ్లో కొత్త బస్టాండు కట్టారు. బదిలీ మీద అక్కడికి వెళ్తారా అని ఆఫీసరు అడిగాడు, రేపటికల్లా మాట చెప్పమన్నాడు.

"అక్కడికెళ్లినా ఒక్కదాన్నే తింటాను. ఇక్కడా ఒక్కదాన్నే తింటున్నాను. ఇక ఎక్కడుంటే ఏముందండీ?" అంది ఆవిడ. అది బస్టాండు గొంతుతో అని ఉంటే పెద్ద సర్వరు భయపడేవాడు కాదు. చిన్న గొంతుతో అంది. ఆయనకు కాళ్ల కింద నేల కదిలింది.

అందుకే ఈ ఒప్పందం. సాయంత్రం ఇద్దరూ బయటికి వెళ్లి భోంచేయాలి. సూపు దగ్గర్నుంచి ఐస్‌క్రీం దాకా ఆయన ఆవిడ ఎదురుగా కూర్చోవాలి. కూర్చుంటే బదిలీ వద్దంటుంది. లేచి ఎవరికైనా వడ్డించాడో, సామాను సర్దుకుంటుంది.

"చేతులు కడుక్కోవడానికి లేవచ్చా?"

"లేవచ్చు. ఇలా వెళ్లి అలా రావాలి."

చోటు కుదిర్చింది బావమరిది. ఆవిడ తమ్ముడు ఒక పాటల బృందంలో డ్రమ్స్ వాయిస్తాడు. సాయంత్రం పూట పాటలుండే పెద్ద రెస్టారెంటులో, స్టేజీకి ఎదురుగా ఏడో నంబరు టేబుల్ చెప్పి ఉంచాడు. "బావా, అక్కడ నాకో పరువుంది. నువ్వు వెళ్లి ఎవరి ఎంగిలి ప్లేట్లూ తీయకు," అని ఫోన్లో మరీ మరీ చెప్పాడు.

ఆవిడ బీరువాలోంచి ఒక పొట్లం తీసింది. అందులో కొత్త కోటు, మెరూన్ రంగుది. "రోజూ వేసుకునే ఆ నలుపూ తెలుపూ వద్దు. ఇవాళ మీరు సర్వరులా కనబడకూడదు," అంది. కోటు ఆయనకు అతికినట్టు సరిపోయింది.

సాయంత్రం రెస్టారెంటు తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టేసరికి ఆ కోటు వాళ్లకు ఎదురొచ్చింది. ఒకటి కాదు, హాలు నిండా అవే. అక్కడి సర్వర్లందరూ మెరూన్ కోట్లే. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రంగు ఒకటే గానీ, గుండీలు వేరు," అంది ఆవిడ ధైర్యంగా.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఆయన భార్యకు కుర్చీ జరిపాడు, అది మర్యాదే కదా. అదే ఊపులో పక్క టేబుల్ ఆవిడకూ జరిపాడు, అప్పుడు మాత్రం భార్య గొంతు సవరించుకుంది. ఆయన గబుక్కున కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. స్టేజీ మీద గాయని పాట ఎత్తుకుంది. బావమరిది డ్రమ్ములు వాయిస్తూనే బావ మీద ఒక కన్ను వేసి ఉంచాడు.

"ఇవాళ్టి స్పెషల్ చేప అట, చెబుదామా?" అంది ఆవిడ.

"స్పెషల్ అంటే నిన్నటిది," అన్నాడు ఆయన గుసగుసగా. ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఆయనకు పాటకన్నా హాయిగా అనిపించింది. ఈ పూట గట్టెక్కుతామనే అనుకున్నాడు. అయినా ఆవిడ చేపే చెప్పింది.

అంతలో సూపు వచ్చింది. తెచ్చిన సర్వరు పరుగు మీదున్నాడు. "ఏమనుకోకండి సార్, ఇవాళ ఒకతను రాలేదు, ఏజెన్సీ నుంచి ఇంకొకణ్ణి పంపుతామన్నారు, వాడూ రాలేదు," అంటూ గిన్నె దించాడు. బొటనవేలు సూపులో ఉంది. చూసేసరికి పెద్ద సర్వరు ప్రాణం విలవిల్లాడింది. ఇలా కాదు నాయనా అన్నట్టు రెండు చేతులూ చాచి గిన్నె అందుకోబోయాడు. అందుకోవడంలో ఆయన తప్పేమీ లేదు గానీ, అవతలివాడు కస్టమరు చేతులు వస్తాయని అనుకోలేదు. సగం సూపు ఆయన వేళ్ల మీద పడింది.

"కడుక్కుని వస్తాను," అన్నాడు దీనంగా.

"ఇలా వెళ్లి అలా," అంది ఆవిడ.

చేతులు కడుక్కునే చోటు వంటింటి తలుపు పక్కనే ఉండటమే ఆయన ఖర్మ. చేతులు కడుక్కున్నాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు, అలవాటు కొద్దీ ఆ తువ్వాలును మడిచి మోచేతి మీద వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు అటు వచ్చాడు. ఆయనా మెరూన్ కోటే, ఆయన తలా పలచనే.

"ఏజెన్సీ వాడివి నువ్వేనా? ఇదా వచ్చే వేళ?"

"కాదండీ, నేను..."

"కాకపోతే ఆ తువ్వాలేంటి? మాటలు తర్వాత. పొడుగు టేబుల్ దగ్గర పుట్టినరోజు పార్టీ, అందరూ గోల పెడుతున్నారు. పట్టు."

చేతిలో ట్రే పడింది. మీద గిన్నెలు, గిన్నెల మీద ఆవిరి. వేడి పదార్థం చేతిలో పెట్టుకుని సంజాయిషీ చెప్పే సర్వరు లోకంలో ఎక్కడా ఉండడు. ముందు వడ్డించాలి, ఆ తర్వాతే ఏదైనా. ఈ ఒక్క ట్రే దించేసి వెళ్లిపోదామనుకున్నాడు పెద్ద సర్వరు. ఇలా అనుకునే ఎంతోమంది ఎన్నిట్లోనో ఇరుక్కున్నారు.

పొడుగు టేబుల్ హాలు వెనక భాగంలో, ఏడో టేబుల్‌కి కనబడకుండా స్తంభాల చాటున ఉంది. అక్కడ ఒక ముసలమ్మకు కారం పడదు. ఒక పిల్లకు చెంచా కింద పడింది. పుట్టినరోజు మనిషికి అందరికన్నా ముందు రావాల్సింది అందరి తర్వాత వస్తోంది. ఇవన్నీ చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాడు? చెంచా మార్చాడు, ముసలమ్మకు వేరే గిన్నె తెచ్చాడు, ప్లేట్లు ఒక్క చేతి మీద వరసగా పేర్చుకుని పొడుగు టేబుల్ పొడుగునా నడిచాడు. నిజం చెప్పాలంటే, పొద్దుటి నుంచి కుర్చీలో పడ్డ అవస్థంతా పోయి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పెళ్లిరోజు సంగతి గుర్తొచ్చినప్పుడల్లా గుండె గుభేలుమంటోంది. గుభేలుమన్నప్పుడల్లా ఇంకో ట్రే చేతిలోకి వస్తోంది.

ఇక్కడ ఏడో నంబరు టేబుల్ దగ్గర రెండు పాటలు అయిపోయాయి. ఆవిడ లేచి తలుపు దగ్గరున్న అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, మా ఆయన మెరూన్ కోటు వేసుకున్నారు. కనబడితే ఏడో టేబుల్‌కి పంపించు."

ఆవిడ వెనక్కి వచ్చి కూర్చుందో లేదో, ఏజెన్సీ సర్వరు రొప్పుకుంటూ వీధి తలుపులోంచే లోపలికి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు, మెరూన్ కోటు వేసుకున్నాడు.

"మీరేనా! ఏడో టేబుల్ మేడం మీకోసమే చూస్తున్నారు. కోపంగా ఉన్నారు, త్వరగా వెళ్లండి," అంది ఆ అమ్మాయి.

ఆలస్యంగా వచ్చినందుకు అప్పుడే కస్టమర్లు కూడా కోపంగా ఉన్నారా అని అతను హడలిపోయాడు. పరుగున వెళ్లి టేబుల్ ముందు నిలబడ్డాడు.

"క్షమించండి మేడం, ఆలస్యమైంది. ఏం కావాలి?"

"మా ఆయన కావాలి," అంది అనౌన్సరమ్మ.

అతను కంగారులో మెనూ కార్డు తెరిచాడు. పైనుంచి కిందిదాకా చూశాడు కూడా.

"అందులో లేరు," అంది ఆవిడ. "చూడు బాబూ, నా ఎదురుగా ఇవాళ ఎవరూ నిలబడటానికి వీల్లేదు. కూర్చో."

బస్టాండు గొంతుతో కూర్చోమన్నాక బస్సులే కూర్చుంటాయి, మనిషెంత? కూర్చున్నాడు. మిగిలిన సగం సూపు చల్లారిపోతోంది, తాగమంది. తాగాడు. పాపం, పొద్దుటి నుంచి అతని కడుపులో ఏమీ పడలేదు.

వంటింటి తలుపులోంచి పెద్ద సర్వరు చూసిన దృశ్యం ఇది. తన కుర్చీ, తన సూపు, తన రంగు కోటు, ఆ కోటులో ఎవడో పరాయివాడు. భార్య ముందుకు వంగి అతన్ని ఏదో అడుగుతోంది. వెంటనే అర్థమైపోయింది, అంటే తప్పుగా అర్థమైపోయింది. బదిలీ ఆఫీసరు! రేపటిదాకా ఆగలేక ఇక్కడికే వచ్చేశాడు! ఆవిడే ఫోను చేసి పిలిపించిందేమో! ఆయన ట్రేతో సహా ఏడో టేబుల్ వైపు దూసుకెళ్లాడు. మధ్యలో మేనేజరు భుజం పట్టుకుని తిప్పాడు.

"అటు కాదయ్యా, పొడుగు టేబుల్ ఇటు!"

"అక్కడ నా కాపురం..."

"కాపురాలు డ్యూటీ అయ్యాక!"

ఈలోగా బొటనవేలు సర్వరు ఏడో టేబుల్ పక్కనుంచి వెళ్తూ ఆగిపోయాడు. ఏజెన్సీ అతను ఇతనికి తెలిసినవాడే. "ఏంటన్నా, నువ్విక్కడ సూపు తాగుతున్నావు? మరి నీ బదులు లోపల చేస్తున్నాయన ఎవరు? ఒక్క చేతి మీద ఆరు ప్లేట్లు మోస్తున్నాడు, మేమందరం పని మానేసి చూస్తున్నాం!"

అనౌన్సరమ్మ చెంచా కింద పెట్టింది. ఒక్క చేతి మీద ఆరు ప్లేట్లు మోసే మనిషి ఆ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఆయన్నే ఆవిడ పెళ్లి చేసుకుంది.

పాట ఆగింది, చప్పట్లు మోగుతున్నాయి. ఆవిడ లేచి, తిన్నగా స్టేజీ ఎక్కింది. తమ్ముడి చేతిలోంచి డ్రమ్ము కర్ర జారింది.

"అక్కా, వద్దు! ఇది బస్టాండు కాదు!"

"మైకు ఎక్కడైనా మైకే," అని గాయని వైపు చెయ్యి చాచింది. ఆ పిల్ల ఆవిడ కళ్లు చూసి ఇచ్చేసింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది అనౌన్సరమ్మ. హాలంతా చెంచాలు ఆగిపోయాయి. "ఏడో నంబరు టేబుల్ నుంచి సూపు వేళకు బయల్దేరిన ఒక భర్త ఇంతవరకు తిరిగి రాలేదు. మెరూన్ రంగు కోటు, పలచటి జుట్టు, చేతిలో ఎవరిదో ట్రే. ఇవాళ ఆయన పెళ్లిరోజు. ఆ సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. కనిపించినవారు దయచేసి ఆయన్ను దగ్గరలోని కుర్చీలో కూర్చోబెట్టి, మళ్లీ లేవకుండా పట్టుకోవలసిందిగా కోరుతున్నాం."

ఇదీ కార్యక్రమంలో భాగమేననుకున్నారు జనం. ఎగిరి గంతేశారు. పక్క టేబుల్ లావుపాటాయన చేతికందిన మొదటి మెరూన్ కోటును లాగి కూర్చోబెట్టాడు. "దొరికాడు!" అని అరిచాడు. "అతను కాదు, ఇతను!" అని అవతలివాళ్లు ఇంకొకణ్ణి పట్టుకున్నారు. రెండు నిమిషాలు తిరక్కముందే హాల్లో ఉన్న సర్వర్లందరూ తలా ఒక కుర్చీలో బందీలైపోయారు. పొడుగు టేబుల్ ముసలమ్మ ఒకణ్ణి చొక్కా పట్టుకుని, "పెళ్లాన్ని వదిలేసి ఏం పన్రా నీకు?" అని నిలదీస్తోంది. వాడికింకా పెళ్లే కాలేదు. ఇదేం గోలరా బాబూ అని అడ్డం వచ్చిన మేనేజరు ఎవరిదో ఒలికిపోతున్న ట్రే పట్టుకున్నాడు. మెరూన్ కోటు, పలచటి జుట్టు, చేతిలో ట్రే. పోలికలన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఆయన్ను ఇద్దరు ఎత్తి మరీ కూర్చోబెట్టారు. ఎవరూ పట్టి కూర్చోబెట్టనక్కర్లేని సర్వరు ఆ హాల్లో ఏజెన్సీ అతనొక్కడే. అతను అప్పటికే కూర్చుని ఉన్నాడు.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుని పెద్ద సర్వరు బయటికి వచ్చాడు. భుజం దాకా ప్లేట్లు. హాలు నిండా ఆకలి మీదున్న జనం, వెనక వంటింట్లో పొగలు కక్కుతున్న వంటకాలు, నిలబడి ఉన్న సర్వరు తనొక్కడు. ఏ సర్వరైనా జన్మకొక్కసారి కలగనే అవకాశం. స్టేజీ మీంచి భార్య చూస్తోంది. చేతిలోని మైకు కిందికి దించింది.

ఆయన కాళ్లు పొడుగు టేబుల్ వైపు ఒక అడుగు వేశాయి. ఆ చిన్న గొంతు గుర్తొచ్చింది, ఎక్కడుంటే ఏముందండీ అన్నది. ఆయన గిరుక్కున తిరిగి ఏడో టేబుల్‌కి నడిచాడు.

"ఆఫీసరుగారూ," అన్నాడు, "ఆవిడ బదిలీకి ఒప్పేసుకుందా?"

"నేను సర్వర్నండీ," అన్నాడు అతను లేస్తూ. "ఆ ట్రే నాకివ్వండి. సూపు బాగుంది."

పెద్ద సర్వరు ట్రే ఇచ్చేశాడు. ఇచ్చి, కుర్చీలో కూర్చున్నాడు. ఎన్నడూ తెలియని బరువేదో దిగిపోయింది.

"ఇప్పుడే అందిన సమాచారం," అంది మైకు. "తప్పిపోయిన భర్త ఏడో నంబరు టేబుల్‌కు క్షేమంగా చేరుకున్నారు." హాలు చప్పట్లతో దద్దరిల్లింది. బందీలు విడుదలయ్యారు.

ఆవిడ మైకు ఇచ్చేసి దిగబోయింది. కానీ దిగనిచ్చిందెవరు? పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా ఆవిడ గొంతుతోనే చెప్పాలంది పొడుగు టేబుల్. లావుపాటాయన తన భార్య అలిగిందని, మైకులో ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకోమన్నాడు. "మా అలక ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగానైనా కదులుతుందా?" అని ఆవిడ అడిగేసరికి ఆ ఇల్లాలు నవ్వేసింది. ఇక ఒకరి తర్వాత ఒకరు. గాయని హాయిగా ఒక మూల కూర్చుని మంచినీళ్లు తాగుతోంది.

బస్టాండులో ఆవిడ గొంతు వినగానే జనం మూటాముల్లే ఎత్తుకుని పరుగెడతారు. ఇన్నేళ్లలో ఆవిడ మాట విని ఆగినవాళ్లు, మొహంలోకి చూసినవాళ్లు, చప్పట్లు కొట్టినవాళ్లు ఒక్కరూ లేరు. దీపాల వెలుగులో ఆవిడ మొహం పెళ్లినాటికన్నా కళగా ఉంది. పెద్ద సర్వరు అదే చూస్తూ కూర్చున్నాడు.

చేప వచ్చింది. ఆవిడ వచ్చాక తిందామని ఆగాడు. ఆవిడ రాలేదు. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. లావుపాటాయన చిటికె వేసి, "కాసిని నీళ్లు!" అన్నాడు. పెద్ద సర్వరు భుజాలు లేచాయి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని వాటిని కిందికి దించాడు.

"నేనూ కస్టమర్నేనండీ."

చేప చల్లారింది. పక్కవాళ్లు కబుర్లు చెప్పుకుంటుంటే ఒక్కడే కూర్చుని ఖాళీ కుర్చీ వంక చూడటం ఎలా ఉంటుందో ఆయనకు ఆ పూట తెలిసింది. ఇన్ని పెళ్లిరోజులూ ఆవిడ ఇలాగే కూర్చుందన్నమాట. ఆయనకు సిగ్గేసింది, కళ్లు చెమ్మగిల్లాయి. సగం చేప మెల్లగా, నమిలి తిన్నాడు. మిగతా సగం ఆవిడ వైపు జరిపి పెట్టాడు.

ఐస్‌క్రీం కరిగి పాలైపోయాక ఆవిడ వచ్చి కూర్చుంది.

"మళ్లీ లేవలేదు కదా?"

"లేవలేదు."

"ఒక్కరే తినడం ఎలా ఉంది?"

"చప్పగా ఉంది," అన్నాడు. "నన్ను క్షమించు. నాకు తెలీలేదు."

ఆవిడ చల్లారిన చేప తన వైపు లాక్కుని తిని, "నిన్నటిదే," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

నలిగిన కోటు దులుపుకుంటూ మేనేజరు వచ్చాడు. పెద్ద సర్వరు భయపడి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. కానీ మేనేజరు ఆయన వైపు చూడనైనా లేదు. "మేడం, ప్రతి శనివారం సాయంత్రం వచ్చి ఇలాగే మైకు పట్టుకోగలరా? ఇంత సందడి ఈ హాల్లో ఎప్పుడూ లేదు."

"వస్తుంది," అన్నాడు పెద్ద సర్వరు ఆవిడకన్నా ముందే. "నేనూ వస్తాను. ఈ టేబుల్ నాకు ఉంచండి."

మర్నాడు ఉదయం ఆఫీసరు అనౌన్సరమ్మను పిలిచి బదిలీ సంగతి అడిగాడు. ఆవిడ కుదరదంది. అంత మంచి అవకాశం ఎందుకు వదులుకుంటున్నావమ్మా అని ఆయన ఆశ్చర్యపోయాడు.

"కుటుంబ కారణాలండీ," అంది అనౌన్సరమ్మ, వచ్చే శనివారం మైకులో ఏం మాట్లాడాలా అని ఆలోచించుకుంటూ.